క్యూలో నిలబడటం నేర్చుకోండి

ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లకు ఈ లెక్క గుర్తుండే ఉంటుంది. తాడుకు రాయి కట్టి నిలువు వృత్తంలో తిప్పుతాం. రాయి పైదాకా వెళ్లి, మధ్యలో జారిపోకుండా చుట్టు పూర్తిచేయాలంటే అట్టడుగున దాని వేగం కనీసం రూట్ ఫైవ్ జీఆర్ ఉండాలి. అడుగున తాడులో ఉండే తన్యతకూ పైన ఉండే తన్యతకూ తేడా సిక్స్ ఎంజీ. ఎంసెట్‌లో ఒక మార్కు తెచ్చిపెట్టి, ఆ సాయంత్రానికే మర్చిపోయే సూత్రం. ఆ రాయి ఉన్నచోట మనిషిని కూర్చోబెట్టండి, అది రోలర్ కోస్టర్ అవుతుంది. సిక్స్ ఎంజీ అంటే ఆ మనిషికి తన ఒళ్లు ఆరింతలు బరువెక్కినట్టు అనిపించడం. 60 కిలోల మనిషి మీద ఒక్క క్షణం 360 కిలోలు పడ్డట్టు.

1895లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ అనే రైడ్ పెట్టినవాళ్లు పట్టాలను బండిచక్రంలా అచ్చంగా గుండ్రంగా వంచారు. ఎక్కి దిగినవాళ్లకు మెడలు పట్టేసేవి. కొన్నేళ్లకే అది మూతపడింది. జనం హాయిగా తలకిందులై తిరగగలిగే లూపు కోసం లోకం 1976 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో రివల్యూషన్ అనే కోస్టర్ నడిచింది. దాన్ని కట్టిన ఆంటన్ ష్వార్జ్‌కాఫ్, లెక్కలు వేసిన వెర్నర్ స్టెంగెల్ ఇద్దరూ జర్మన్లు. వాళ్లు చక్రం ఆకారాన్ని వదిలేసి, నీటిబొట్టును తలకిందులు చేసినట్టుండే వంపు తీసుకున్నారు. వేగం ఎక్కువుండే అడుగున వంపు విశాలంగా ఉంటుంది, ఒళ్లు నలగదు. వేగం తగ్గే పైభాగాన వంపు బిగుతుగా ఉంటుంది, మనిషి సీటుకు అంటుకునే ఉంటాడు. లెక్క మన పాఠ్యపుస్తకంలోదే. ఆ లెక్కలో కూర్చున్నవాడి మెడ గురించి ఆలోచించడంతో అది డిజైన్ అయింది.

ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లలు నన్ను ఎప్పుడూ ఒకే మాట అడుగుతారు. “సార్, థీమ్ పార్క్ డిజైనర్ అవ్వాలంటే ఏ కోర్సు చదవాలి?” సినిమాల్లోకి రావాలంటే ఏం చదవాలని అడిగినట్టుంటుంది అది. కెమెరామనా, ఎడిటరా, మేకప్పా, పాటలు రాస్తావా? ముందు అది తేలాలి.

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. పార్కులో ఒక పాత కోట. లోపలికి వెళితే చీకటి, బండి ఎక్కితే మెల్లగా కదులుతుంది, మలుపు మలుపుకూ ఒక దృశ్యం కనిపిస్తుంది. దీని వెనక ఎవరెవరున్నారో చూడండి. కథ రాసినవాళ్లు. మొదటి బొమ్మలు గీసిన చిత్రకారులు. భవనం నిలబెట్టిన ఆర్కిటెక్టు, దాని స్తంభాలు లెక్కగట్టిన సివిల్ ఇంజనీరు. బండికి చక్రాలూ బ్రేకులూ చూసిన మెకానికల్ వాళ్లు. బండి మలుపు తిరిగిన క్షణానికే దీపం వెలిగి, రాక్షసుడి తల తిరిగి, గర్జన వినిపించేలా ప్రోగ్రాం రాసిన ఎలక్ట్రానిక్స్ వాళ్లు. రాతిగోడలా కనిపించే ఫైబర్ గోడకు అచ్చు తీసిన శిల్పులు, దానికి నాచూ పగుళ్లూ వేసిన పెయింటర్లు. కరెంటు పోతే చీకట్లో ఉన్న వందమంది ఏ దారిన బయటికి రావాలో తేల్చినవాళ్లు. ఇన్ని పనుల్లో దేనికీ “థీమ్ పార్క్ డిజైనర్” అన్న బోర్డు ఉండదు. అందరూ చేసేది అదే.

అసలు కోస్టర్‌ను పార్కు డిజైనర్లు తయారుచేయడం అరుదు. జర్మనీలో మాక్, నెదర్లాండ్స్‌లో వెకోమా, స్విట్జర్లాండ్‌లో బొలిగర్ అండ్ మాబిలార్డ్ వంటి కంపెనీలు ఆ పనిలోనే ఉంటాయి. మాక్ కుటుంబం 1780లో గుర్రపు బండ్లు తయారుచేస్తూ మొదలైంది. మన దేశంలో కొచ్చిలో 2000లో మొదలై, 2016లో హైదరాబాద్ శివార్లలోని రావిర్యాల దగ్గరికి వచ్చిన వండర్‌లా తన రైడ్లు కొన్నింటిని తానే తయారుచేసుకుంటుంది. రైడే మీ ప్రాణమైతే మెకానికల్ ఇంజనీరింగ్ చదవండి, ఇలాంటి తయారీ విభాగాల తలుపు తట్టండి. ఆ రైడు చుట్టూ ఉండే ప్రపంచం మీ ప్రాణమైతే మిగతా అధ్యాయం ముఖ్యంగా మీకోసం.

ఇప్పుడు క్యూ సంగతి. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఎక్కువగా క్యూలలోనే.

పార్కుకు వచ్చిన కుటుంబం రోజంతా ఉంటే రైడ్ల మీద గడిపే సమయం తక్కువే. మిగిలిందంతా నడక, నిలబడటం, తిండి, బాత్రూమ్, పిల్లాడి కోసం వెతుకులాట. ఒక రైడు రెండు నిమిషాలుంటే దాని కోసం నలభై నిమిషాలు నిలబడతారు. ఆ నలభై నిమిషాల్ని ఎవరో ఒకరు డిజైన్ చేయాలి. నేను సినిమా సెట్ల పని నుంచి ఒక పార్కు పనికి మారిన కొత్తలో నాకు అప్పగించింది సరిగ్గా అదే. కాగితం మీద క్యూ చాలా అందంగా గీశాను. మలుపులు తిరిగే స్టీలు కమ్మీలు, మధ్యలో ఫౌంటెన్, గోడ మీద కథ చెప్పే బొమ్మలు. కట్టింది చలికాలంలో. మే నెల రెండో వారంలో వెళ్లి చూశాను. ఒక తల్లి చంటిపిల్లను చంకనేసుకుని నిలబడింది. ఆమె పక్కనున్న నాలుగేళ్ల పిల్లాడు కమ్మీని పట్టుకుని గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఎండకు అది పెనంలా కాలుతోంది. ఆమె తన కొంగు తీసి కమ్మీ మీద వేసి, దాని మీద వాడి చెయ్యి పెట్టింది. నా బొమ్మల్ని ఎవరూ చూడటం లేదు. అందరి చూపూ తరవాతి నీడ ఎంత దూరం ఉందన్నదాని మీదే ఉంది. వారంలో పైకప్పు వేయించాం, కమ్మీలకు చెక్క పట్టీలు కట్టించాం. ఆమె కొంగు మాత్రం ఇప్పటికీ గుర్తొస్తుంది. ఏ నక్షా చేతికొచ్చినా ముందు అడిగే మాట “మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఎండ ఎటువైపు పడుతుంది” అన్నదే.

క్యూ చదువుకు మనకు దగ్గర్లోనే గొప్ప చోటుంది. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సుకు ఈసారి వెళ్లినప్పుడు దైవదర్శనంతో పాటు ఇదీ గమనించండి. మనుషుల్ని ఒకే బారుగా నిలబెట్టకుండా కంపార్టుమెంట్లలో కూర్చోబెడతారు. పాలు, అన్నం కూర్చున్నచోటికే వస్తాయి. ముసలివాళ్లు నడుం వాల్చగలుగుతారు. ఒక కంపార్టుమెంటు తలుపు తీసినప్పుడు జనంలో పుట్టే ఊపు చూడండి. ఎక్కడ పరుగు మొదలవుతుంది, ఎక్కడ దారి ఇరుకై నెమ్మదిస్తుంది, కళ్ల ముందు గోపురం కనిపించగానే అలసట ఎలా తగ్గుతుంది. వేలమందిని రోజూ కదిలించే ఆ ఏర్పాటులో ఈ వృత్తికి సంబంధించిన సగం పాఠాలున్నాయి.

ఆ గోపురం దగ్గరే ఇంకో పాఠం ఉంది. పై అంతస్తులకు వెళ్లేకొద్దీ విగ్రహాలూ స్తంభాలూ చిన్నవవుతూ పోతాయి. కింద నిలబడి చూసే కంటికి గోపురం ఉన్నదానికన్నా ఎత్తుగా తోస్తుంది. 1955లో డిస్నీలాండ్ కోట కట్టినవాళ్లు అదే చేశారు. ఆ కోట ఎత్తు 77 అడుగులు మాత్రమే. పైకి వెళ్లేకొద్దీ ఇటుకల సైజు తగ్గించారు, కిటికీలు చిన్నవి చేశారు. దాని ముందున్న వీధిలోని దుకాణాల పై అంతస్తులనూ అలాగే కుదించారు. మన స్థపతులు ఈ సంగతిని శతాబ్దాల కిందటే రాతిలో చెక్కిపెట్టారు. మన పిల్లలు దాన్ని ఇంగ్లిష్ వీడియోల్లో చూసి అబ్బురపడుతుంటారు. ఊళ్లోని గోపురం కింద ఒక గంట కూర్చుని అంతస్తు అంతస్తుకూ ఎంత తగ్గిందో స్కెచ్ వేస్తే ఆ విద్య చేతికి అంటుకుంటుంది.

ఇక లెక్కల వైపు చూద్దాం. బొమ్మలు గీసేవాళ్లు వీటిని తప్పించుకోవాలనుకుంటారు, తప్పించుకోలేరు. 24 సీట్ల బండి, ప్రతి 90 సెకన్లకూ ఒకటి బయలుదేరుతుంది అనుకుందాం. గంటకు 40 బండ్లు, 960 మంది. ఇప్పుడు మనవాళ్లు ఎక్కుతున్నారు. చెప్పులు ఎక్కడ విప్పాలో తెలీదు. చున్నీ ముడి వేసుకోమని సిబ్బంది చెప్పాలి. జేబులో ఫోను, కళ్లజోడు, చేతిలో పిల్లాడి నీళ్ల సీసా. పాపకు ఎత్తు సరిపోలేదని చివరి నిమిషంలో తేలింది, నాన్న ఆగిపోయాడు, అమ్మ అప్పటికే సీట్లో ఉంది. బండికి మరో 30 సెకన్లు ఆలస్యం. గంటకు 30 బండ్లే నడిచాయి, 720 మంది. ఎనిమిది గంటల్లో 1,920 మంది రైడు ఎక్కకుండా మిగిలిపోయారు. వాళ్లలో ఎవరూ చెప్పుల స్టాండును తప్పుపట్టరు. పార్కే బాగోలేదని ఇంటికెళ్లి చెబుతారు. చెప్పుల స్టాండు ఎక్కడుండాలి, ఎత్తు కొలిచే బోర్డు క్యూ చివర ఉండాలా మొదట్లో ఉండాలా అన్నవి ఇంత పెద్ద ప్రశ్నలు. విదేశీ కంపెనీ పంపిన నక్షాలో చున్నీ ఉండదు, చీర ఉండదు, అమ్మమ్మతో కలిపి పద్నాలుగు మంది వచ్చిన కుటుంబం ఉండదు. వాళ్లను ఆ నక్షాలోకి తేగలిగినవాళ్లకు ఈ దేశంలో పని ఉంది.

చరిత్రలో ఈ వృత్తిలోకి జనం ఎలా వచ్చారో తెలిస్తే ధైర్యం వస్తుంది. వాల్ట్ డిస్నీ 1952లో ఈ పని కోసం వేరే సంస్థ పెట్టినప్పుడు థీమ్ పార్క్ డిజైన్ చదివినవాళ్లు లోకంలో ఎక్కడా లేరు. ఆయన తన సినిమాల్లో బొమ్మలు గీసేవాళ్లనూ సెట్లు వేసేవాళ్లనూ పిలిచాడు. 1953లో హెర్బ్ రైమన్ అనే చిత్రకారుడు ఒక శని, ఆదివారాల్లో కూర్చుని పార్కు మొత్తం పైనుంచి చూసినట్టుగా గీసిన బొమ్మ పట్టుకుని డబ్బు పెట్టేవాళ్ల దగ్గరికి వెళ్లారు. మన దగ్గర కూడా దారి అటునుంచే పడింది. 1957లో మాయాబజార్‌కు గోఖలే, కళాధర్ కట్టిన లోకాన్ని తలుచుకోండి, అది ఏ థీమ్ పార్కుకూ తీసిపోదు. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీకి రూపమిచ్చిన నితీశ్ రాయ్ సినిమా కళాదర్శకుడే. 1,666 ఎకరాల ఆ చోట సినిమా సెట్టు, పర్యాటకుల వీధి ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి.

టోనీ బాక్స్‌టర్ 1965లో పదిహేడేళ్ల వయసులో డిస్నీలాండ్‌లో ఐస్‌క్రీమ్ అమ్మేవాడు. రంగస్థల అలంకరణ చదివి, తన నమూనాలు చూపించి డిజైన్ విభాగంలో చేరాడు. 1979లో తెరిచిన బిగ్ థండర్ మౌంటెన్ ఆయన ఊహే. కౌంటరు అవతల నిలబడ్డ ఆ రోజుల్లో ఎంతమంది ముఖాలు చూసుంటాడో ఊహించండి. జో రోడీ స్కూల్లో పాఠాలు చెప్పేవాడు. 1998లో ఫ్లోరిడాలో తెరిచిన యానిమల్ కింగ్‌డమ్‌కు ఆయనే సారథి. ఆ పార్కులో ఆనందపూర్ అనే కల్పిత ఊరు ఒకటుంది. నేపాల్, భారతదేశం వంటి చోట్ల తిరిగి, గోడల మీద చిరిగిన పోస్టర్లూ రంగు వెలిసిన తలుపులూ గమనించి దాన్ని కట్టారు. మన వీధుల పాతదనాన్ని వాళ్లు అంత శ్రద్ధగా చూశారు. పుట్టినప్పటి నుంచీ ఆ వీధుల్లోనే ఉన్నవాళ్లం మనం, ఇంకెంత చూడొచ్చు!

ర్యాండీ పాష్ కథ తిరస్కారం ఎదురైనవాళ్ల కోసం. చిన్నప్పటి నుంచి ఆయన కల డిస్నీ డిజైన్ విభాగం. పీహెచ్‌డీ అయ్యాక దరఖాస్తు పెడితే అర్హతలు సరిపోలేదని ఉత్తరం వచ్చింది. ప్రొఫెసరయ్యాడు, వర్చువల్ రియాలిటీలో పని చేశాడు. 1995లో అదే విభాగం అల్లాదీన్ రైడు మీద పనిచేస్తున్నప్పుడు కొన్ని నెలలు వాళ్లతో కలిసి పనిచేశాడు. ఆ తర్వాత కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో డాన్ మారినెల్లితో కలిసి ఎంటర్‌టైన్‌మెంట్ టెక్నాలజీ సెంటర్ స్థాపించాడు. ఒకరు కంప్యూటర్ల మనిషి, ఒకరు నాటకాల మనిషి. ఇప్పటికీ అక్కడ ప్రోగ్రామర్లనూ చిత్రకారులనూ ఒకే జట్టులో కూర్చోబెట్టి పని నేర్పిస్తారు.

చదువు విషయానికి వస్తే, ఇంటర్ తర్వాత నాటా రాసి ఐదేళ్ల బీఆర్క్ చేయొచ్చు. హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ ఉంది, విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. అక్కడికి జేఈఈలో ఆర్కిటెక్చర్ పేపరు రాయాలి. యూసీడ్ రాసి ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ చేయడం మరో దారి. అహ్మదాబాద్ ఎన్ఐడీలో ఎగ్జిబిషన్ డిజైన్ ఇంకో దారి. డిగ్రీ అయినవాళ్లకు పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో కళాదర్శకత్వం ఉంది. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని సవానా కాలేజీలో థీమ్ వినోదాల డిజైన్‌నే పట్టాగా ఇస్తారు. అయితే ఒక మాట గట్టిగా చెబుతాను. చేతిలో మంచి పోర్ట్‌ఫోలియో లేకుండా ఇల్లు తాకట్టు పెట్టి అమెరికా వెళ్లకండి. ఈ రంగంలో పని ప్రాజెక్టును బట్టి ఉంటుంది. పార్కు తెరిచిన రోజున వందల మంది డిజైనర్ల పని అయిపోతుంది. పెద్ద పెద్ద కంపెనీల్లోనూ అంతే. అప్పు వాయిదా మాత్రం ఆగదు.

అందుకే చేతిలో ఒక పని గట్టిగా ఉండాలి, అది పార్కు బయట కూడా అన్నం పెట్టేదై ఉండాలి. లైటింగ్ వచ్చినవాళ్లకు మ్యూజియంలున్నాయి, నాటకాలున్నాయి. ఫైబర్ అచ్చులు తీయడం వచ్చినవాళ్లకు సినిమా సెట్లున్నాయి, వినాయక మండపాలున్నాయి, పెళ్లి మండపాలున్నాయి. వీటిని తక్కువ చేసి చూడొద్దని నా మనవి. పది రోజుల్లో సెట్టు నిలబెట్టి, ఐదువేల మందిని క్షేమంగా నడిపించి, పదకొండో రోజు విప్పేసిన కుర్రాడికి బడ్జెట్టూ గడువూ జనమూ మూడూ తెలుసు. ఐటీఐ చదివి రైడ్ల మెయింటెనెన్స్‌లో చేరినవాళ్లకు ఏ డిగ్రీ నేర్పని సంగతి తెలుసు, ఏ బోల్టు ఎన్నాళ్లకు వదులవుతుందో. గల్ఫ్‌లో మనవాళ్లు చాలామంది ఉన్నారు. 2010లో అబుదాబి యాస్ ఐలాండ్‌లో ఫెరారీ వరల్డ్ తెరిచారు, తరవాత అక్కడే మరికొన్ని పార్కులు వచ్చాయి. సివిల్, ఎలక్ట్రికల్, సైట్ సూపర్‌విజన్ వైపు నుంచి ఆ తలుపు తెరుచుకోవచ్చు.

భద్రత ప్రమాణాలు మీ విభాగం ఏదైనా సరే చదవాల్సిందే. అమెరికాలో 1978 నుంచి ఏఎస్‌టీఎం ఎఫ్24 అనే కమిటీ వీటిని రాస్తోంది. ఐరోపాలో ఈఎన్ 13814 ఉంది. గోడ మీద అందమైన దీపస్తంభం గీసే చిత్రకారుడికి కూడా, రైడులో కూర్చున్న మనిషి చెయ్యి చాపితే ఎంత దూరం వస్తుందో తెలియాలి. ఆ పరిధిలోకి ఏదీ రాకూడదు. ఇది ఇంజనీరు పని అనుకుని వదిలేసేవాళ్లతో నేను పని చేయను.

పోర్ట్‌ఫోలియోలో డిస్నీ కోటలూ హాలీవుడ్ మాంత్రికులూ వద్దు. ఆ బొమ్మలు చూసేవాళ్ల దగ్గర వేలకొద్దీ ఉన్నాయి. మీ ఊరి సరుకు తీయండి. చేర్యాల పటం చూశారా? కథకుడు ఎర్రటి పటాన్ని ఒక్కో గడి విప్పుతూ కథ చెబుతాడు. ఇప్పుడు ఏం చూపాలి, ఏం దాచి ఉంచాలి అన్నది అతని చేతిలో ఉంటుంది. చీకటి గదిలో బండి మలుపు తిరగడం కూడా సరిగ్గా అదే పని. ఒక పటం తీసుకుని దాన్ని ఆరు నిమిషాల రైడుగా మార్చండి. ఆరు దృశ్యాలు, ఒక నక్షా, థర్మాకోల్‌తో చేసిన ఒక నమూనా, గంటకు ఎంతమంది ఎక్కుతారో ఒక లెక్క, ఎండా వానా నుంచి క్యూను ఎలా కాపాడతారో ఒక బొమ్మ. చివరి రెండూ ఉన్న పోర్ట్‌ఫోలియో నాకు చాలా తక్కువసార్లు కనిపించింది. కనిపించినప్పుడు ఆ మనిషికి వెంటనే ఫోన్ చేశాను.

కాలేజీ ఏదైనా ఈ నెలలోనే మొదలుపెట్టగల పని ఒకటుంది. నాంపల్లి నుమాయిష్ కావచ్చు, ఊరి జాతర కావచ్చు, దగ్గరున్న పార్కు కావచ్చు. ఒక మంగళవారం, ఒక ఆదివారం వెళ్లండి. రైడ్లు ఎక్కొద్దు. ఒక నోటుపుస్తకం, ఒక వాచీ చాలు. బెంచీ లేని చోట జనం ఎక్కడ కూర్చుంటున్నారు? పిల్లలు ఎక్కడ ఏడుస్తున్నారు, ఏ గంటకు? ఫొటోలు ఎక్కడ ఆగి తీసుకుంటున్నారు? చక్రాల కుర్చీలో ఉన్న పెద్దాయన ఎక్కడిదాకా రాగలిగాడు, ఎక్కడ ఆగిపోయాడు? రైడు నడిపే ఆపరేటర్‌తో టీ తాగండి, జనం ఏ తప్పు ఎక్కువ చేస్తారో అడగండి. డిస్నీలాండ్ తెరిచిన 1955 జూలై 17న వేడికి మెత్తబడ్డ తారులో ఆడవాళ్ల చెప్పుల మడమలు దిగబడిపోయాయి, తాగునీటి కుళాయిలు చాల్లేదు. ప్లంబర్ల సమ్మె వల్ల అప్పటికి బాత్రూములో కుళాయిలో ఒకటే సిద్ధమయ్యేలా ఉంటే డిస్నీ బాత్రూములు ఎంచుకున్నాడు. అటువంటివి కాగితం మీద కనబడవు.

రెండేళ్ల కిందట వరంగల్ నుంచి ఒకమ్మాయి నన్ను కలవడానికి వచ్చింది. బీటెక్ ఈసీఈ మూడో ఏడాది. బొమ్మలు వేయడం రాదని ముందే చెప్పింది. “మేడారం జాతరకి మా అమ్మమ్మతో రెండేళ్లకోసారి వెళ్తాం సార్, పోయినసారి ఇది రాశాను” అని ఒక రూళ్ల నోటుపుస్తకం బల్ల మీద పెట్టింది. జంపన్నవాగు నుంచి గద్దెల దాకా అమ్మమ్మ నడకలో ఎన్నిచోట్ల ఆగిందో, ఎందుకు ఆగిందో, ఎంతసేపు ఆగిందో టైముతో సహా రాసింది. ఒకచోట “కూర్చోడానికి ఏమీ లేదు, బెల్లం బుట్ట మీద కూర్చుంది, 11 నిమిషాలు” అని ఉంది. ఇంకోచోట “డప్పు వినపడగానే లేచింది.” మధ్యాహ్నం భోజనం పక్కనబెట్టి ఆ పుస్తకం చివరి పేజీ దాకా చదివాం. ఆ డప్పు ఎంత దూరం నుంచి వినపడిందని అడిగాను. పుస్తకంలో లేదు. తర్వాతి జాతరలో కొలుస్తానని పెన్ను తీసి ఆ పేజీ అంచున రాసుకుంది.